పసుపు వైన్ విందు

బన్నీ కాళ్లు ఇంకా మెట్ల మీదే ఉన్నాయి. తల మాత్రం కింద, సెల్లార్ నేల మీద ఉంది.

ఇరవై రెండేళ్ల కుర్రాడు. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, పైన వెయిటర్లు వేసుకునే నల్ల కోటు. రాత్రి విందులో వడ్డించిన బట్టల్లోనే పోయాడు. చొక్కా ముందుభాగం వైన్‌తో తడిసి ఎండింది.

సెల్లార్ చివర, సీసాల ర్యాకు వెనక, ఒక చిన్న బల్ల. దాని మీద పొట్టిగా, భుజాలు వెడల్పుగా ఉన్న సీసా. ఖాళీ. పక్కన ఒక గ్లాసు. అంతే.

సార్జెంట్ విశాలాక్షి గ్లౌవ్స్ తొడుక్కుని బల్ల దగ్గర వంగి చూసింది. ఆదివారం ఉదయం. మార్చి సగం గడిచినా, ఆ చలిదేశపు ఊరు కనాటాలో ఇళ్ల ముందు మంచు గుట్టలు అలాగే ఉన్నాయి. పోలీసుల హత్యల విభాగం హోమిసైడ్‌లో తెలుగు వచ్చిన డిటెక్టివ్ ఆమె ఒక్కతే. అందుకని తెలుగువాళ్ల ఇంట్లో ఎవరు పోయినా ఫోన్ ఆమెకే వస్తుంది. ఈ రెండు మూడేళ్లుగా ఆ ఫోన్లు ఎక్కువయ్యాయి. చదువుకని విమానం దిగే పిల్లలు ఎక్కువయ్యారు మరి. ఊళ్లో బేస్‌మెంట్లన్నీ వాళ్లతో నిండిపోయాయి.

పైన లివింగ్ రూములో ఇంటి యజమాని అమరేశ్వరరావు శాలువా కప్పుకుని కూర్చున్నాడు. టెలికాం కంపెనీలో డైరెక్టర్. అరవై దాటినా జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. అది వయసు గొప్ప కాదు, రంగు గొప్ప. కళ్లు తడిగా ఉన్నాయి. ఆ తడి కుర్రాడి కోసమనుకుంటే పొరపాటే.

"అలాంటి సీసా మళ్లీ దొరకదమ్మా," అన్నాడు.

విశాలాక్షి రికార్డర్ ఆన్ చేసింది. ఆయన చెప్పిన కథ ఇది. ఏటా ఒకసారి ఇంట్లో వైన్ విందు చేస్తాడు. ఈసారిది నిన్న శనివారం సాయంత్రం జరిగింది. బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న ఇద్దరు స్టూడెంట్లు పని చేశారు. కాలేజీలో కుకింగ్ డిప్లొమా చదువుతున్న వంశీధర్ వంట చూశాడు. బన్నీ వడ్డించాడు. అతిథులు వెళ్లాక తానూ భార్యా పడుకున్నారు. ఆ తర్వాత బన్నీ సెల్లార్‌లోకి దూరాడు. బల్ల మీద ఖాళీ సీసా ఉందని పోలీసులే చెప్పారు కాబట్టి, విందులో మిగిలిన సగం సీసా తాగేశాడు. తూలి మెట్ల మీంచి పడ్డాడు.

"రాత్రి మీరు సెల్లార్‌లోకి వెళ్లారా?"

"లేదు."

"ఈ ఉదయం?"

"మా ఆవిడ కేక వేస్తే మెట్ల పైదాకా వచ్చాను. రక్తం చూడలేను నేను. వెనక్కి తిరిగి 911కి ఫోన్ చేసి, బయట మీ కారు కోసం నిలబడ్డాను."

"మెట్ల పైనుంచి ఏం కనిపించింది?"

"వాడి కాళ్లు. అంతే."

విశాలాక్షి ఆ వైన్ గొప్పేమిటని అడిగింది. అడగ్గానే ఆయన దుఃఖం ఎటుపోయిందో పోయింది. శాలువా పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు. ఫ్రాన్సులో స్విట్జర్లాండ్ సరిహద్దు పక్కన, కొండల్లో ఒదిగిన చిన్న సీమ జురా. అక్కడి వాన్ జోన్ ఇది. వాన్ జోన్ అంటే పసుపు వైన్. పీపాలో పోసి ఆరేళ్లకు పైగా ముట్టుకోరు. పీపాలో ఎంత ఇగిరిపోయినా పైన నింపరు. లీటరు పోస్తే చివరికి ఆ పొట్టి సీసాకు సరిపడా మిగులుతుంది. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. తాగడానికి చాలా గంటల ముందే బిరడా తీసి ఉంచాలి. దానితో క్రీములో ఉడికిన కోడీ, మోరెల్ పుట్టగొడుగులూ తినాలి. లేదంటే కాంతే అనే చీజ్. అదే సీమలో పలచటి ఎర్ర వైన్ ఉంది, దానికి చల్లటి మాంసం ముక్కలు. గడ్డి మీద ఆరబెట్టిన ద్రాక్షతో తీసే తీపి వైన్ ఉంది, బ్లూ చీజ్ దానికే చెల్లు.

ఒకదాని తిండి ఇంకోదానికి పెట్టడం నేరం అన్నాడు. హోమిసైడ్ సార్జెంట్‌తో అన్నాడు ఆ మాట.

విందులో జరిగిన ఒక సరదా కూడా చెప్పుకొచ్చాడు. బన్నీని అందరి ముందు నిలబెట్టి, స్పూనుతో వాన్ జోన్ రుచి చూపించి, ఎలా ఉందో చెప్పమన్నాడట. ఆవకాయ జాడీలో మెంతిపిండి వాసన వస్తోంది అంకుల్ అన్నాడట వాడు. అతిథులు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ వైన్ పేరు సరిగా పలికేదాకా వాణ్ణి కదలనివ్వలేదు. చేతిలో బరువైన ట్రే ఉంది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చెబుతూ చెబుతూ అమరేశ్వరరావు మళ్లీ నవ్వాడు. కింద వాడి శవం ఇంకా అక్కడే ఉంది.

విశాలాక్షికి ఒళ్లు మండింది. అయినా థాంక్స్ చెప్పి లేచింది.

వంటింట్లో ఆయన భార్య భ్రమరాంబ ఒంటరిగా నిలబడి ఉంది. తెల్లవారగానే ఉల్లిపాయల కోసం సెల్లార్‌లోకి దిగబోయి శవాన్ని మొదట చూసింది ఆమే. సింకు పక్కన స్టాండులో ఒకే ఒక ప్లేటు ఆరుతోంది. తెల్లది, చిన్నది. రాత్రి విందు గిన్నెలన్నీ డిష్‌వాషర్‌లో ఉండగా ఇదొక్కటి ఎక్కడిదని విశాలాక్షి అడిగింది.

భ్రమరాంబ తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"సెల్లార్‌లో బల్ల మీద ఉందమ్మా. ఆయన ఫోన్ చేసి బయటికెళ్లగానే తెచ్చి కడిగేశాను. పదిమంది ఇంట్లోకి వచ్చే వేళ. ఎంగిలి ప్లేటు అలా ఉంచుకుంటామా?"

"మరి గ్లాసు?"

"ఆయన గ్లాసులు నన్ను ముట్టుకోనివ్వరు."

ప్లేటులో చీజ్ ముక్కలూ వాల్‌నట్లూ ఉన్నాయనీ, తొక్క తీసి సన్నగా కోసిన ఆ పసుపుపచ్చటి చీజ్ కాంతేయేననీ చెప్పింది. పోలీసులు రాకముందు వస్తువు కదిపిందని తెలిస్తే ఆయన అరుస్తాడు, ఎవరికీ చెప్పలేదు, మీరూ చెప్పకండి అని బతిమాలింది. విశాలాక్షి ఆ మాటలన్నీ రికార్డు చేసుకుంది. ఎవరికీ చెప్పనంది.

మధ్యాహ్నం శవపరీక్ష చేసిన పేథాలజిస్ట్ ఫోన్ చేశాడు. తల వెనక ఎముక లోపలికి నొక్కుకుపోయింది. గుండ్రటి అంచున్న బరువైన వస్తువుతో కొట్టారు. పడడం ఆ తర్వాత. రక్తంలో ఆల్కహాల్ సంగతి తేలడానికి వారాలు పడుతుంది.

ప్రమాదం కాదు. హత్య.

ఈ మాట చెప్పగానే అమరేశ్వరరావు కథ ఒక్క క్షణంలో మెలిక తిరిగింది. అయితే ఆ రెండోవాడే అన్నాడు. ఇద్దరూ కలిసి తాగి ఉంటారు, సీసా దగ్గర పేచీ వచ్చి ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు కదమ్మా అని నిట్టూర్చాడు.

చెప్పొద్దూ, లెక్క అలాగే కనిపించింది. సెల్లార్ తాళంచెవి బేస్‌మెంట్ గోడకే వేలాడుతుంది. అతిథులు వెళ్లాక ఎవరూ లోపలికి రాలేదని వీధి తలుపు కెమెరా చెబుతోంది. ఇంట్లో ఉన్నది ముసలి దంపతులు, ఇద్దరు కుర్రాళ్లు. క్రీము మాడిందని ఆ సాయంత్రమే వంశీధర్ బన్నీ మీద కేకలేయడం అతిథులంతా విన్నారు.

వంశీధర్‌ది తణుకు దగ్గర పల్లె. పొడుగ్గా, బక్కగా ఉన్నాడు. ఇంటర్వ్యూ రూములో నీళ్ల కప్పు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకొక్క టర్మ్ అయితే కోర్సు పూర్తవుతుంది. ఆ తర్వాత వర్క్ పర్మిట్‌కి అప్లై చేయాలి. హత్య కేసు మీద పడితే కోర్సు, పర్మిట్ మాట అటుంచి, బతుకంతా జైలే. ఆ సంగతి అతనికి తెలుసు. విశాలాక్షికీ తెలుసు. ఇంకొక దారి దొరక్కపోతే సోమవారం సాయంత్రానికి అతని చేతులకు బేడీలు వేయాల్సింది ఆమే.

"రాత్రి ఏం చేశావు?"

"ఒళ్లు హూనమైపోయిందండి. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పడుకుండిపోయాను. వాడు గదిలోకి రాలేదని కూడా తెలీలేదండి."

"బన్నీ తాగుతాడా?"

"ఎప్పుడైనా ఒక బీరండి. అదీ కారప్పల్లీలు ఉంటేనే. వాళ్లమ్మ జగిత్యాల నుంచి పంపిన డబ్బా మంచం కిందే ఉంది."

"చీజ్ తింటాడా?"

వంశీధర్ అయోమయంగా చూశాడు. ఆ కాంతే వాసనకే వాడికి కడుపులో తిప్పుతుందన్నాడు. వడ్డించేటప్పుడు ఊపిరి బిగబట్టుకునేవాడు. ఒకసారి బలవంతాన నోట్లో పెట్టుకుని సింకులో ఉమ్మేశాడు.

విశాలాక్షి కలం కింద పెట్టింది. దొంగతనంగా తాగేవాడు మంచం కింది కారప్పల్లీలు వదిలేసి, వాంతి తెప్పించే చీజ్‌ను తొక్క తీసి సన్నగా కోసుకుంటాడా? ఆ ప్లేటు బన్నీ పెట్టుకున్నది కాదు. బన్నీ తిన్నాడని నమ్మించడానికి ఇంకెవరో పెట్టింది.

విందు చివర్లో ఏదైనా జరిగిందా అని అడిగింది. అప్పుడు వంశీధర్‌కి ఒకటి గుర్తొచ్చింది. అందరూ వెళ్లాక, అతిథుల్లో వీర్రాజు అంకుల్ ఒక్కడే మిగిలి, అమరేశ్వరరావుతో డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్నాడు. బన్నీ వెళ్లి అమరేశ్వరరావుని ఏదో అడిగాడు. పెద్దాయన ముఖం నల్లబడింది. వీర్రాజు అంకుల్ కోటు వేసుకుని గబగబా వెళ్లిపోయాడు. ఏం అడిగాడో వంటింట్లోకి వినిపించలేదు.

ఆ సాయంత్రం విశాలాక్షి గరాజ్‌లో రీసైక్లింగ్ డబ్బా తిరగేసింది. అడుగున, న్యూస్‌పేపర్ చుట్టి, ఒక ఖాళీ సీసా. స్పెయిన్ దేశపు షెర్రీ. ఏ మద్యం షాపులోనైనా దొరికే సరుకు. విందులో షెర్రీ పోశారా అని అమరేశ్వరరావుని అడిగింది. తన గడపలోకి స్పెయిన్ వైన్ రానే రాదని ఆయన మూతి విరిచాడు.

సోమవారం మధ్యాహ్నం అందరినీ ఆ డైనింగ్ టేబుల్ చుట్టూనే కూర్చోబెట్టింది. ఒక పక్క అమరేశ్వరరావు, భ్రమరాంబ. ఎదురుగా వంశీధర్. చివర వీర్రాజు. గుమ్మం దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లు. వంశీధర్ ఆ కానిస్టేబుళ్లనే చూస్తున్నాడు.

వీర్రాజు అమరేశ్వరరావు కంపెనీలోనే మేనేజర్. ఆ ఉద్యోగం ఇప్పించింది ఈయనే. మొదటి రోజు స్టేట్‌మెంట్‌లో భోజనం బాగుంది, వైన్ బాగుంది, వెళ్లిపోయాను అని మూడు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు.

"బన్నీ అడిగిందేమిటి?" విశాలాక్షి సూటిగా అడిగింది.

వీర్రాజు అమరేశ్వరరావు వైపు చూశాడు. పెద్దమనిషి పరువు విషయం, అనవసరంగా ఎందుకని అన్నాడు. ఎదురుగా ఉన్న కుర్రాడు జైలుకి పోతాడు, అది అవసరమా అని ఆమె అడిగింది. వీర్రాజు తల వంచుకున్నాడు. బన్నీ మాటలు బన్నీ యాసలోనే అప్పజెప్పాడు.

"అంకుల్, షెర్రీ ఇంక సగం సీసా ఉంది. ఆ పసుపు సీసాల నింపాల్నా, ఫ్రిజ్జుల పెట్టాల్నా, అని అడిగాడండి."

విశాలాక్షి రీసైక్లింగ్‌లో దొరికిన షెర్రీ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది.

సంగతి అదీ. అమరేశ్వరరావు దగ్గర అసలైన వాన్ జోన్ ఒకే ఒక్క సీసా ఉండేది. అది ఏనాడో అయిపోయింది. ఏటా అదే ఖాళీ సీసాలో షెర్రీ నింపి, కొత్త సీసా అని అతిథులకు పోస్తున్నాడు. రెండింటి రుచీ దగ్గర దగ్గరే. బిరడా ముందే తీసి ఉంచాలన్న నియమం ఒకటి ఉందిగా, తమ ముందు సీసా తెరవలేదేమని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. శనివారం పొద్దున ఆయన నింపుతుంటే బన్నీ చూశాడు. అందులో మోసం ఉందని ఆ పిల్లాడికి తట్టనే లేదు. డబ్బాలో నూనె సీసాలోకి వంచుకోమా, అలాగే అనుకున్నాడు. పని నేర్చుకుందామని అడిగాడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సంగతి వీర్రాజు ముందు బట్టబయలైంది.

"షెర్రీ పోస్తే హంతకుణ్ణయిపోతానా?" అమరేశ్వరరావు గొంతు పెంచాడు. "నేను ఆ రాత్రి సెల్లార్‌లోకే దిగలేదని చెప్పాను కదమ్మా."

"చెప్పారు." విశాలాక్షి ఫైలు తెరిచి, విసుగ్గా పేజీలు తిప్పింది. "ఎందుకైనా మంచిది, రిపోర్టు అందరి ముందు ఒకసారి చదివేస్తాను. బన్నీ బల్ల దగ్గర కూర్చుని వాన్ జోన్ తాగాడు. దానితో పాటు బ్లూ చీజ్ తిన్నాడు. తర్వాత..."

"బ్లూ చీజా?"

అమరేశ్వరరావు ముఖంలో భయం లేదు. అసహ్యం ఉంది. తన కొడుకు పెళ్లి విందులో ఉప్పు లేని పప్పు వడ్డించారన్నంత అసహ్యం.

"ఎవరమ్మా రాసింది? వాన్ జోన్‌తో బ్లూ చీజ్ ఎవడు పెడతాడు? ఆ ప్లేటులో ఉన్నది కాంతే. చుట్టూ వాల్‌నట్లు పేర్చి ఉంటే కూడా మీవాళ్లకు తెలీలేదా?"

విశాలాక్షి ఫైలు మూసేసింది.

"ఏ ప్లేటు?"

ఆయన ఫైలు కోసం చేయి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"మా వాళ్లు వెళ్లేసరికి బల్ల మీద ప్లేటే లేదు రావుగారూ. మా ఫోటోల్లో లేదు. రిపోర్టులో లేదు. ఉందని నేను ఎవరికీ చెప్పలేదు. మీరు బయటికెళ్లాక మీ ఆవిడ తెచ్చి కడిగేశారు. మీకు చెప్పలేదని నాకు రికార్డు మీద చెప్పారు. మెట్ల పైనుంచి ఆ బల్ల కనిపించదు. మరి అందులో వాల్‌నట్లు పేర్చి ఉన్నాయని తెలిసేది పేర్చినవాడికే."

ఆయన భార్య వైపు తిరిగాడు. ఆమె బల్ల మీది చెక్క గీతలు చూస్తోంది.

విశాలాక్షి మిగతాది కూడా చెప్పింది. అతిథులు వెళ్లాక ఏదో పని చెప్పి బన్నీని సెల్లార్‌లోకి పంపాడు. మెట్లు దిగుతున్న పిల్లాణ్ణి వెనకనుంచి బరువైన సీసాతో కొట్టాడు. నోట్లో, చొక్కా మీద మిగిలిన షెర్రీ పోశాడు. తాగిన దొంగ బల్ల ఎలా ఉంటుందో అలా సర్దాలనుకున్నాడు. కానీ చేతులు మాట వినలేదు. హత్య చేశాక కూడా పసుపు సీసా పక్కన తప్పు తిండి పెట్టలేకపోయాడు. ఆ ర్యాకులో సీసాలన్నిటి మీదా దుమ్ముంది. ఒక్కదాని మీద లేదు. ఆ సీసా అడుగు అంచులో రక్తం ఉన్నట్టు ల్యాబ్ నుంచి పొద్దున్నే కబురొచ్చింది.

"వాడు కావాలని అడగలేదు. ఆ సంగతి మీకు తెలుసు కదా," అంది చివరికి.

అమరేశ్వరరావు గొంతులో పశ్చాత్తాపం కోసం వెతికితే ఆవగింజంత కూడా దొరకలేదు.

"ఎలా అడిగితేనేం. వీర్రాజు విన్నాడు," అన్నాడు.

కానిస్టేబుళ్లు ఆయన్ని లేపి నిలబెట్టి, బేడీలు వేసి తీసుకెళ్లారు. వీర్రాజు ఎవరి ముఖమూ చూడకుండా కోటు తీసుకుని వెళ్లిపోయాడు. వంశీధర్ రెండు చేతుల్లో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడవనిచ్చింది విశాలాక్షి.

ఆమెకు ఇంకొక ప్రశ్న మిగిలి ఉంది. కేసుకు దానితో పని లేదు. అయినా అడగకుండా లేవలేకపోయింది.

"ప్లేటు బల్ల మీద ఉంది. బల్ల ర్యాకు వెనక ఉంది. అక్కడికి వెళ్లాలంటే మెట్ల మీద ఉన్న బన్నీని దాటాలి. పోనూ రానూ రెండుసార్లు దాటారు. మనవాళ్లు పడుకున్న మనిషినే దాటరు. ఎంగిలి ప్లేటు కోసం శవాన్ని దాటారా భ్రమరాంబగారూ?"

భ్రమరాంబ కళ్లెత్తింది. ఆ కళ్లలో దాచుకోవాలన్న ఆత్రం లేదు. అలసట ఉంది.

"ఉల్లిపాయల కోసం దిగాను. మొదట తూలి పడ్డాడేమో అనుకుని, బతికున్నాడేమోనని దాటుకుని కిందికెళ్లి చూశాను. అప్పుడు బల్ల కనబడింది. వాల్‌నట్లు అలా చీజ్ చుట్టూ గుండ్రంగా పేర్చేది ఈ ఇంట్లో ఒక్కరే అమ్మా. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అప్పుడే అర్థమైంది. పైకొచ్చి కేక వేశాను. ఆయన బయటికెళ్లగానే మళ్లీ దిగి తెచ్చేశాను."

భర్తను కాపాడదామని కడిగిన ప్లేటే అతన్ని పట్టిచ్చింది. ఆ మాట విశాలాక్షి పైకి అనలేదు. భ్రమరాంబకు ముందే తెలిసినట్టుంది.

వంశీధర్ ఏడుపు ఆపి వింటున్నాడు. నెమ్మదిగా లేచి భ్రమరాంబ ఎదుటికి వచ్చాడు.

"అంటే నేను కాదని మీకు నిన్న పొద్దున్నే తెలుసాండి?"

ఆమె తల ఊపింది.

"నన్ను పట్టుకెళ్తుంటే చూస్తూ ఊరుకునేవారా ఆంటీ?"

భ్రమరాంబ అతని ముఖంలోకి చూసింది. ఆ చూపు ప్రేమగానే ఉంది.

"ఆయనకు అరవై దాటాయి బాబూ. జైల్లో బతకరు. నీకింకా బోలెడు వయసుంది. ఎన్నేళ్లకైనా బయటికొస్తావులే అనుకున్నాను."

వంశీధర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె లేచి స్టవ్ వైపు నడుస్తూ, ఎప్పటిలాగే, పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా, అన్నం పెట్టనా అని అడిగింది.